నల్లపూసలు పెరిగిన రోజు

మన సీమ ఇండ్లలో నల్లపూసలు తెగినాయి అనరు, పెరిగినాయి అంటారు. నీళ్ళ బిందె చంకకెత్తుకునేటప్పుడో, చంటిబిడ్డ గుప్పిట పట్టి లాగినప్పుడో, రైక గుండీకి చిక్కుకున్నప్పుడో పటుక్కున చిన్న చప్పుడు. ఆ వెంటనే బండల మీద చిటపటలు. "ఎవరూ అడుగు తియ్యొద్దండి, నల్లపూసలు పెరిగినాయి!" అని లోపలినుంచి కేక వస్తే, ఎక్కడివాళ్ళు అక్కడే కొయ్యబొమ్మల్లా నిలబడిపోవాల్సిందే.

కడప జిల్లా ఇండ్లలో ఇది మరీ కష్టం. కింద పరిచింది కడప బండ, పడింది నల్లపూస. రెండిటిదీ ఒకటే రంగు. బేతంచెర్ల బండలు పరుచుకున్న కర్నూలు వైపు ఇండ్లలో కొంత నయం, అవి తేటగా ఉంటాయి. చాలా రోజులకు కనబడినవాళ్ళను "నల్లపూసైపోయినావే" అంటామే, ఆ మాట ఎంత నిజమో కడప బండ మీద మోకాళ్ళూని వెతికినవాళ్ళకు తెలుస్తుంది.

వెతకడానికి ఒక పద్ధతుండేది. పొరక ముట్టకూడదు. పొరక పుల్లల సందున పూస ఇరుక్కుంటే ఇంక అది దొరకదు, చెత్తలో పోతుంది. తలుపు దగ్గరికేసి గది చీకటి చేసి, దీపం తెచ్చి నేల మీదే పెట్టేవాళ్ళు. తర్వాతి రోజుల్లో టార్చిలైటు వచ్చింది, దాన్ని బండకు ఆనించి పడుకోబెడతారు. వెలుతురు పక్కవాటుగా పారితే ప్రతి పూసా ఒక మెరుపు మెరుస్తుంది, దాని వెనక చిన్న నీడ సాగుతుంది. అప్పుడు తడిగుడ్డ తీసుకుని తుడవకుండా, అద్దుతూ పోవాలి. తుడిస్తే పూసలు దొర్లిపోతాయి, అద్దితే గుడ్డకు అంటుకుని పైకొస్తాయి. బండల సందులో దిగినవాటికి సూదిమొనకు కాస్త తేనెమైనం అంటించి దించేవాళ్ళు. ఇంట్లో జేజి ఉంటే మొదట బంగారు గుండ్లు లెక్కపెట్టేది, తర్వాత పగడాలు, చివరికి నల్లపూసలు. ఆలోగా మెడ బోసిగా ఉండకూడదని పసుపుతాడుకు పసుపుకొమ్ము కట్టి వేసేవాళ్ళు.

పూస పగిలి దండ తెగడం చాలా తక్కువ. తెగేది దారం. దారం తెగే చోట్లు మూడే. ఒకటి, మెడ వెనక కొక్కెం దగ్గర. చెమట, తలనూనె, పసుపు, స్నానం నీళ్ళు అన్నీ అక్కడే చేరతాయి, అక్కడే ఆరవు. నూలుదారమైతే ఆ చోట మొదట నల్లబడుతుంది, తర్వాత నూగు లేస్తుంది, ఆ తర్వాత ఒకరోజు ఊరికే విడిపోతుంది. రెండు, బంగారు గుండు పక్కన. పల్చటి రేకుతో చేసిన గుండు రంధ్రం అంచు కత్తిలా ఉంటుంది. మూడు, రంధ్రం సరిగా నునుపు తేలని గాజుపూస దగ్గర.

ఈ మూడోది ఎందుకొస్తుందో తెలియాలంటే పూస ఎట్లా పుడుతుందో చూడాలి. మన సీమకు ఆ చివర, శ్రీకాళహస్తి దారిలో పాపానాయుడుపేట ఉంది. గాజుపూసలకు పేరుమోసిన ఊరు. కరిగిన గాజు ముద్దను ఇనుప గొట్టానికి చుట్టి, మధ్యలో బొక్క ఉండేటట్లు చేసి, కొలిమి నోట్లోనుంచి సన్నటి గొట్టంగా పొడుగ్గా లాగుతారు. ఆ గొట్టాన్ని చిన్నచిన్న ముక్కలుగా కోస్తారు. కోసిన ముక్కకు రెండువైపులా పదునైన అంచులుంటాయి. వాటిని బూడిదతో కలిపి మళ్ళీ వేడిచేస్తే అంచులు కరిగి గుండ్రంగా తేలుతాయి, బొక్కలో బూడిద ఉంటుంది కాబట్టి రంధ్రం మూసుకుపోదు. పుదుచ్చేరి దగ్గర అరికమేడు తవ్వకాల్లో దొరికిన రెండు వేల ఏండ్లనాటి గాజుపూసలూ ఎక్కువగా ఇట్లా గొట్టం లాగి కోసినవే. ఆ రెండో కాలుపు చాలని పూస ఉందే, అదే దారాన్ని కోసేది. చేత్తో తడిమితే తెలియదు. చెంప మీద దొర్లిస్తే గరుకు తెలుస్తుంది. పూసలమ్మేవాళ్ళు చూపించిన పరీక్ష ఇది.

పూసలోళ్ళు వచ్చేది మధ్యాహ్నం పూట, మగవాళ్ళు చేలల్లో, అంగళ్ళలో ఉండే వేళకు. నెత్తిన గంప, చంకన పెట్టె. పెట్టెలో అరలు అరలుగా పిన్నీసులు, సూదులు, దువ్వెనలు, రిబ్బన్లు, కాటుక డబ్బీలు, సవరాలు. గంప అడుగున గుడ్డమూటలో పూసల కుచ్చులు. డబ్బు లేకపోతే దువ్వినప్పుడు ఊడిన వెంట్రుకలు ఇచ్చినా తీసుకునేవాళ్ళు. గోడ సందులో చుట్టలు చుట్టి దాచిన చిక్కువెంట్రుకలకు అదే విలువ. అరుగు మీద గంప దించిందంటే అరగంటలో వీధి ఆడవాళ్ళంతా అక్కడే.

"పోయినసారి ఇచ్చిన కుచ్చు ఆర్నెల్లకే పెరిగిపాయ గదక్కా."

"పూస మంచిదే తల్లీ. మిషన్ దారంతో గుచ్చుకున్నావు సూడు, అదీ మోసం."

ఆమె చెప్పింది నిజమే. బట్టలు కుట్టే నూలుదారం ఒంటిపేట నల్లపూసలకు ఆరునెలలు ఆగడం గొప్ప. పూసలోళ్ళు తెచ్చేది పట్టుదారం, పురి గట్టిగా ఉండేది. ఆ తర్వాత తంగూసు వచ్చింది. చేపల గాలానికి కట్టే దారం అది. కుళ్ళదు, సూది కూడా అక్కర్లేదు. అందరూ దాని వెంట పడినారు కానీ, నల్లపూసలకు అది తగదు. చుట్టలో ఉన్న వంపు మర్చిపోదు, మెడ మీద ఒదగదు, ముడి జారుతుంది, ఎండకు ఏడాది రెండేడాదుల్లో పెళుసెక్కి విరుగుతుంది. మన అనంతపురం ఎండలకు మరీ తొందరగా. ఇప్పుడు పూసల కోసమే పేనిన నైలాన్ దారం దొరుకుతోంది, రోజూ మెడలో ఉండే దండకు అదే మేలు. ముత్యాలకు మాత్రం పట్టుదారమే అందం.

పూస సైజుకు నంబర్లుంటాయి. నంబరు పెరిగేకొద్దీ పూస సన్నమవుతుంది. 11 నంబరు పూస మందం 2 మిల్లీమీటర్ల పైచిలుకు, అంగుళానికి 18 దాకా పడతాయి, గ్రాముకు సుమారు 110 తూగుతాయి. 8 నంబరు పూస 3 మిల్లీమీటర్లు, అంగుళానికి 12 చాలు. మన పాత దండలు ఎక్కువగా 11కు దగ్గరగా ఉండేవే. 24 అంగుళాల రెండుపేటల దండకు 10 గ్రాములు తీసుకుంటే, అడ్డంపొడుగూ సరిలేనివి, బొక్క మూసుకుపోయినవి, అంచు చిట్లినవి పక్కన పెట్టినా మిగులుతాయి. కొనేటప్పుడు ఒక్క పూసను పంటికి తాకించి చూడాలి. గాజు టక్కుమంటుంది, చల్లగా తగులుతుంది. ప్లాస్టిక్ మెత్తగా, గోరువెచ్చగా ఉంటుంది. పైన నల్లరంగు పూసినవైతే గోళ్ళరంగు తుడిచే ద్రావకం దూదికి అద్ది రుద్దితే దూది నల్లబడుతుంది. నిజం నల్లగాజు ముక్కను పల్చగా చేసి వెలుతురుకు పెడితే ముదురు ఊదానో ముదురు ఆకుపచ్చో కనిపిస్తుంది.

గుచ్చడానికి కూర్చునేది పొద్దున పది లోపల, వాకిలి దగ్గర. ఎండాకాలం మధ్యాహ్నం ఆ పని పెట్టుకోరు. మైనం మెత్తబడి చేతికంటుకుంటుంది, దారానికి దుమ్ము పడుతుంది. కంచంలో తెల్లగుడ్డ పరిచి దాని మీద పూసలు పోస్తారు. తెలుపు మీద నలుపు తేటగా కనబడుతుంది, గుడ్డ ఉంటే పూస దొర్లదు. 24 అంగుళాల పేటకు అటూ ఇటూ ముడులకని ఆరేసి అంగుళాలు కలిపితే 36 అంగుళాలు, అంటే రెండు మూరలు. అట్లాంటి దారాలు రెండు, జంటగా. తేనెమైనం ముద్ద మీద రెండు మూడుసార్లు లాగి, తర్వాత వేళ్ళ మధ్య గట్టిగా దువ్వినట్లు లాగితే ఎక్కువైన మైనం రాలిపోతుంది. నైలాన్ అయితే ముందురోజు రాత్రే మేకుకు కట్టి, కింద తాళంకప్ప వేలాడదీసి ఉంచాలి. సాగవలసిందంతా అప్పుడే సాగుతుంది. ఇది చెయ్యకపోతే నెలన్నర తిరిగేసరికి కొక్కెం పక్కన ఉత్త దారం బయటపడుతుంది. "పూసలు తక్కువేసినావు" అని గుచ్చినామెను అంటారు గానీ, తప్పు సాగిన దారానిది.

సూది 10 నంబరుదో 12దో కావాలి. 12 ఇంకా సన్నం. అది లేని రోజుల్లో సన్నటి ఇత్తడి తీగను మధ్యకు మడిచి, మడతలో దారం పెట్టి, రెండు కొసలూ పురి తిప్పి సూది చేసుకునేవాళ్ళు. అదీ లేకపోతే దారం కొసకు బంకో లక్కో రాసి ఆరబెట్టి, ఏటవాలుగా కత్తిరిస్తే అదే సూది. ఒక్కొక్క పూసనే వేళ్ళతో ఎక్కించడం కొత్తవాళ్ళ పని. చెయ్యి తిరిగినవాళ్ళు లోతు గిన్నెలో పూసలు పోసి, సూదిమొన కొంచెం వంచి, పూసల్లో పొడుస్తూ తిప్పుతారు. ఒక్క పోటుకు నాలుగైదు ఎక్కుతాయి. ఆ చప్పుడు చిన్నగా, ఎండుటాకుల మీద తూర వాన పడినట్లుంటుంది.

వరస ముందే అనుకోవాలి. సీమలో ఎక్కువ ఇండ్లలో కనిపించేది ఇది: తొమ్మిది నల్లపూసలు, ఒక బంగారు గుండు, మళ్ళీ తొమ్మిది నల్లపూసలు, ఒక పగడం. తొమ్మిది పూసలు అరంగుళం. గుండు 3, పగడం 4 మిల్లీమీటర్లు అనుకుంటే ఒక వరస అంగుళంపావుకు కాస్త ఎక్కువ. మెడకు ఒకవైపు తొమ్మిది వరసలు గుచ్చితే పదకొండున్నర అంగుళాలు వస్తుంది, మిగిలిన అరంగుళం కొక్కేనికి పోతుంది. రెండువైపులా కలిపి పేటకు 18 గుండ్లు, 18 పగడాలు, 324 నల్లపూసలు. కాగితం మీద రాసుకోని జేజిలకు కూడా ఈ లెక్క నోట్లోనే ఉండేది.

మొదలుపెట్టేది దారం మధ్యలోనుంచి. బిళ్ళ ఉంటే దాన్ని మధ్యకు చేర్చి, ఎడమకొకటి కుడికొకటి వరస ఎక్కిస్తూ పోవాలి. ఒక కొసనుంచి మొదలుపెట్టి రెండో కొసకు పోతే ఎక్కడో ఒక పూస ఎక్కువ తక్కువ అవుతుంది, వేసుకున్నప్పుడు బిళ్ళ పక్కకు వాలుతుంది. అంతా అయినాక చూసుకుంటే ఒకచోట పది పూసలుంటాయి. దానికోసం దండ విప్పేపనిలేదు. ఎక్కువైన పూస రంధ్రంలోకి లావుసూది మొన దూర్చి నెడితే పూస బయటివైపుకు పగిలి పడిపోతుంది. పట్టకారుతో నొక్కితే మాత్రం పెంకు లోపలికి దిగి దారం తెంపుతుంది. పగలగొట్టేటప్పుడు కండ్లు పక్కకు తిప్పుకోవాలి, గాజు ఎగురుతుంది. పూస తక్కువైతే మాత్రం దారి లేదు, అక్కడిదాకా విప్పాల్సిందే. అందుకే అనుమానమొచ్చిన చోట ఒకటి ఎక్కువే ఎక్కించమనేవాళ్ళు.

ముడి దగ్గర ఎక్కువమంది తప్పు చేస్తారు. చివరి నాలుగు పూసలు బొక్క పెద్దగా ఉన్నవి ముందే ఏరి పెట్టుకోవాలి, దారం వాటిలోనుంచి రెండుసార్లు పోవాలి కాబట్టి. కొక్కెం కడియంలో దారాన్ని రెండుచుట్లు తిప్పి, ఒకసారి కుడిదాన్ని ఎడమ మీదుగా, రెండోసారి ఎడమదాన్ని కుడి మీదుగా వేసి ముడి బిగించాలి. రెండుసార్లూ ఒకేవైపు వేస్తే ముడి జారుతుంది. తర్వాత కొసను వెనక్కి నాలుగు పూసల్లోకి దూర్చి, నడుమ ఒక అరముడి వేసి, మళ్ళీ దూర్చి కత్తిరించాలి. నైలాన్ అయితే కొసకు అగరుబత్తి నిప్పు చూపితే చిన్న బొడిపెలాగా కరుగుతుంది. తాకించకూడదు, ఆమడదూరం నుంచి చూపినట్లు చూపాలి. ముడికి తగిలిందా, పడిన పాటంతా పోతుంది. పట్టుకూ నూలుకూ ఈ పని చెయ్యకూడదు, అవి కరగవు, కాలుతాయి.

బిగువు ఎంత ఉండాలో చెప్పడం కష్టం, చూపించడం సులభం. దండను ఒక వేలి మీద వేలాడదీస్తే మామిడాకుల తోరణం వంగినట్లు మెత్తగా వంగాలి. కడ్డీలాగా నిలబడితే బిగువు ఎక్కువైనట్లు, పూసలు ఒకదాన్నొకటి ఒరుసుకుని దారాన్ని కోస్తాయి. పేట మొత్తానికి 2 మిల్లీమీటర్ల వదులు చాలు. రెండుపేటలైతే లోపలిది అరంగుళం చిన్నదిగా ఉండాలి. సరిసమానంగా గుచ్చితే రెండూ ఒకదానిమీదొకటి ఎక్కి మెలిపడతాయి.

దక్కనీ ముస్లిముల ఇండ్లలో నల్లపూసలనే కాలీ పోత్ అంటారు, పెండ్లికూతురికి అనేక పేటల లచ్ఛా వేస్తారు. కడప పెద్దదర్గా ఉరుసు అంగళ్ళలో 33, 99 పూసల తస్బీల, అంటే జపమాలల పక్కనే నల్లపూసలూ ఉంటాయి. గుత్తి వైపు సుగాలి తండాల్లో పూసకు గవ్వ, అద్దం తోడవుతాయి. అక్కడ గుచ్చడం కన్నా గుడ్డకు కుట్టడం ఎక్కువ, ఆ విద్య వేరే. కదిరి తేరుకు, మహానంది తిరునాలకు పోతే స్ఫటికాలు, రుద్రాక్షలు, తులసిపూసలు, పిల్లల చేతికి దిష్టిపూసలు. గురిగింజల దండలు కూడా అమ్మేవాళ్ళు. చూడ ముచ్చటే కానీ, తొడుగు పగిలిన గురిగింజ విషం, బొక్క వేసిన గింజ అంటే తొడుగు పగిలినట్లే. పిల్లల చేతికి అది ఇవ్వకూడదు.

గుచ్చిన దండను కాపాడుకోవడంలోనూ ఇల్లాండ్లు చేసే తప్పు ఒకటుంది. బంగారం కదా అని చింతపండుతో తోముతారు. పగడం, ముత్యం రెండూ సున్నపు జాతివే, పులుపు తగిలితే పైమెరుపు తినేస్తుంది, మళ్ళీ రాదు. పగడాలున్న దండకు గోరువెచ్చని నీళ్ళు, ఒక చుక్క మెత్తని సబ్బు, మెత్తటి గుడ్డ చాలు. వేడినీళ్ళు కూడా వద్దు. కొన్ని గుండ్లలో లోపల లక్క నింపి ఉంటారు, వేడికి అది మెత్తబడి గుండు సొట్టపడుతుంది. తడిసిన దండను మేకుకు తగిలించి ఆరబెట్టకూడదు. తడిదారం బరువుకు సాగుతుంది. గుడ్డ మీద పరిచి, పూర్తిగా ఆరినాకే మెడలో వేసుకోవాలి.

ఇప్పుడు ప్రొద్దుటూరు బజారుకు పోయినా, కర్నూలు షరాబు బజారుకు పోయినా ఎక్కువగా చూపించేది బంగారు తీగ కొక్కేల మధ్య పూసలు కట్టిన గొలుసు. దారం లేదు, కుళ్ళే భయం లేదు. కానీ సన్నటి తీగ కొక్కెం కూడా అరుగుతుంది, పూస ఒరిపిడికి ఇంకా తొందరగా. తెగినప్పుడు ఇంట్లో కూర్చుని బాగుచేసుకునే వీలు లేదు. మంట చూపితే గాజు చిట్లుతుంది కాబట్టి కంసాలి కూడా ఆ చుట్టూ పూసలు తీసి, అతికి, మళ్ళీ ఎక్కించాలి. దారం దండకున్న గొప్పదనం ఇక్కడే. ఏడాదికో, ఏడాదిన్నరకో దాన్ని విప్పి, ప్రతి పూసా చేతిలోకి తీసుకుని, మళ్ళీ గుచ్చాలి. విప్పినప్పుడే తెలిసేది ఏ గుండు సొట్టపడిందో, ఏ పగడం రంగు మారిందో, పుట్టింటివాళ్ళు పెట్టినవి ఏవో, కోడలికి కలిపినవి ఏవో. పదహారు రోజుల పండగకు ముత్తైదువలు చుట్టూ కూర్చుని గుచ్చిన దండ కూడా అట్లా మళ్ళీ మళ్ళీ చేతులు మారుతూనే బతికింది. తీగ గొలుసు తప్పని నేను అనను. కానీ రోజూ మెడలో ఉండే వస్తువును ఇంటి ఆడమనిషి తన చేత్తో బాగుచేసుకోగలగడం చిన్న సంగతి కాదు.

మిగిలిన పూసలు పారేసేవాళ్ళు కాదు. పాత పౌడరు డబ్బాలో పోసి బీరువా మూలన పెట్టేవాళ్ళు. ఇప్పటికీ చాలా ఇండ్లలో ఆ డబ్బా ఉంటుంది, కదిపితే ఇసకలాగా పలుకుతుంది. దాంట్లోవి వాడాలనుకుంటే ముందు గోరువెచ్చని సబ్బునీళ్ళలో కడిగి, తెల్లగుడ్డ మీద ఆరబెట్టి, ఎండ వెలుతురులో పక్కపక్కన పెట్టి చూడండి. అన్నీ నలుపే అనుకుంటాం గానీ ఒక్కో కుచ్చుది ఒక్కో నలుపు. కొన్ని నీలం కొడతాయి, కొన్ని గోధుమ కొడతాయి, కొన్ని మెరుపు తగ్గి ఉంటాయి. ఒకే పేటలో కలిపేస్తే మచ్చలు మచ్చలుగా కనబడుతుంది. నలుపు నలుపుగా వేరుచేసి, సరిపోయినవి బిళ్ళకు అటూ ఇటూ ముందరివైపు గుచ్చి, సరిపోనివి మెడ వెనక, జడ కిందికి వచ్చేటట్లు గుచ్చుకోవాలి.